మొలకకు కావలసినవి వేరు, మొక్కకు కావలసినవి వేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక విద్యార్థుల పేజీలో విత్తనాలు మొలకెత్తడం గురించి ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. పిల్లల చేత స్వయంగా ప్రయోగం చేయించాలన్న ఆ వ్యాసం ఉద్దేశం మంచిదే. అయితే విత్తనం మొలకెత్తడానికి నీరు, గాలి, సూర్యరశ్మి, సారవంతమైన నేల అవసరమని అందులో ఒక వాక్యం ఉంది. గైడ్లు రాసేవారూ ప్రశ్నపత్రాలు తయారుచేసేవారూ ఏళ్ల తరబడి తిప్పి తిప్పి రాస్తున్న వాక్యమే ఇది. ఆ నాలుగింటిలో ప్రతి గింజకూ తప్పనిసరి అయినవి మొదటి రెండే. తప్పకుండా ఉండవలసిన మరొకటి, అంటే తగిన ఉష్ణోగ్రత, ఆ జాబితాలో అసలు లేనే లేదు. గింజ మొలకెత్తడాన్నీ, మొలిచిన మొక్క పెరగడాన్నీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. చాలాకాలం జీవశాస్త్రం బోధించినవాడిగా ఈ తేడాను కొంచెం వివరంగా పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను. పరీక్షలో ఒకటి రెండు మార్కుల దగ్గర ఆగిపోయే విషయమైతే ఇంత రాయను. మొలక సరిగా రాని మడిలో లోపం ఎక్కడుందో తేల్చుకోవాలన్నా ఈ తేడా తెలిసి ఉండాలి.

చిక్కుడు గింజను రాత్రంతా నానబెట్టి, మర్నాడు పైతోలును గోటితో ఒలిచి చూస్తే విషయం సగం అర్థమవుతుంది. గింజ రెండు బద్దలుగా విడిపోతుంది, అవే బీజదళాలు. వాటి మధ్య, గింజ కాయను అంటిపెట్టుకుని ఉన్న మచ్చకు దగ్గరలో, తెల్లగా వంగి ఉన్న చిన్న పిలక కనిపిస్తుంది. దాని ఒక కొస వేరు కాబోయే ప్రథమ మూలం. రెండో కొసన మడతలు పడి ఉన్న రెండు లేత ఆకులు ప్రథమ కాండానివి. భూతద్దం పెడితే వాటి ఈనెలు కూడా తెలుస్తాయి. అంటే గింజ ఎండుగా ఉన్నప్పుడే అందులో మొక్క ఒకటి తయారై ఉంది. దాని చుట్టూ ఉన్నదంతా తల్లి మొక్క కట్టి ఇచ్చిన దారిబత్తెం. చిక్కుడు, శనగ వంటి వాటిలో ఆ బత్తెం బీజదళాల్లో ఉంటుంది. వరి, గోధుమ, మొక్కజొన్న, ఆముదం వంటి వాటిలో ప్రధానంగా పిండానికి, అంటే ఆ పిలకకు బయట, అంకురచ్ఛదం అనే నిలవ కణజాలంలో ఉంటుంది. పిండిపదార్థం, మాంసకృత్తులు, నూనెల పాళ్లు గింజను బట్టి మారతాయి గానీ, భాస్వరం, మెగ్నీషియం వంటి ఖనిజాలతో సహా తొలి రోజులకు కావలసినవన్నీ అందులోనే ఉంటాయి. అందుకే గింజ తడి గుడ్డలోనూ, తడి దూదిలోనూ, ఏ సారమూ లేని కడిగిన ఇసుకలోనూ ఎంతో చక్కగా మొలుస్తుంది. దానికి సారవంతమైన నేలతో పని పడేది తరవాత.

ఇక నీరు. గింజ నీటిని మూడు దశల్లో తీసుకుంటుంది. మొదటి దశలో ఎండు గింజ నీటిని గబగబా పీల్చుకుని ఉబ్బుతుంది. ఇది పూర్తిగా భౌతిక చర్య; ప్రాణం పోయిన గింజ కూడా ఇలాగే ఉబ్బుతుంది కాబట్టి, ఉబ్బిన గింజను చూసి మొలుస్తుందని చెప్పడానికి వీల్లేదు. రెండో దశలో పైకి ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు, బరువు కూడా పెద్దగా పెరగదు, కానీ లోపల శ్వాసక్రియ ఊపందుకుంటుంది, దెబ్బతిన్న జన్యుపదార్థం, కణపొరలు మరమ్మతు అవుతాయి, ఎంజైములు తయారవుతాయి. వేరు తోలును చీల్చుకుని బయటపడడంతో మూడో దశ మొదలై, నీరు తీసుకోవడం మళ్లీ పెరుగుతుంది. ఎంత తేమ చేరితే మొలక వస్తుందన్నది గింజను బట్టి ఉంటుంది: మొక్కజొన్న గింజలో తేమ దాదాపు 30 శాతానికి చేరితే చాలు, సోయా గింజలో మాత్రం సుమారు 50 శాతం కావాలి. ఒక చిరుజల్లుకు మొక్కజొన్న మొలిచి, పక్కనే ఉన్న సోయా ఉబ్బి ఆగిపోతే దానికి కారణం ఇక్కడ వెతకవచ్చు. ఈ దశలకు మరో ప్రాముఖ్యం కూడా ఉంది. రెండో దశలో ఉన్న గింజను తిరిగి ఆరబెడితే సాధారణంగా ప్రాణానికి ముప్పు రాదు. గింజలను కొన్ని గంటలు నానబెట్టి, నీడలో ఆరబెట్టి విత్తే పద్ధతి పనిచేసేది ఈ వెసులుబాటు వల్లే. వేరు బయటికి వచ్చాక తడి ఆరిపోతే మాత్రం చాలా మొలకలు కోలుకోవు.

నీరు అందిన తరవాత బత్తెం మూట విప్పేదెవరు అన్నది నాకు మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. బార్లీ, వరి, గోధుమ వంటి గింజల్లో పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. అది అంకురచ్ఛదం చుట్టూ ఉన్న అల్యూరాన్ అనే పలుచని పొరను చేరుతుంది. ఆ పొరలోని కణాలు ఆల్ఫా అమైలేజ్ వంటి ఎంజైములను తయారుచేసి లోపలికి వదులుతాయి. అవి గట్టి పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. ఆ చక్కెరలు తిరిగి పిండానికి చేరతాయి. మొలకెత్తుతున్న గోధుమ గింజను వేళ్ల మధ్య నొక్కితే పాలలాంటి ద్రవం రావడానికి కారణం ఇదే. ఈ హార్మోను జాడ మొదట దొరికింది గింజల్లో కాదు, ఒక తెగులులో. జపాను శాస్త్రవేత్త ఎయిచి కురోసావా 1926లో, వరి మొక్కలు అసహజంగా ఏపుగా, బలహీనంగా సాగిపోయే తెగులుకు కారణమైన శిలీంధ్రం స్రవించే పదార్థమే ఆ సాగుదలకు మూలమని చూపించాడు. అదే రకం పదార్థాన్ని మొక్కలు తమంతట తాము కూడా తయారుచేసుకుంటాయని తరవాత తెలిసింది. దీనికి ఎదురుగా పనిచేసే అబ్‌సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోను గింజను నిద్రలో ఉంచుతుంది. గింజ మొలవాలా వద్దా అన్న నిర్ణయం చాలావరకు ఈ రెండింటి మధ్య తూకాన్ని బట్టి ఉంటుంది.

గాలి అవసరమని అందరూ రాస్తారు గానీ ఎందుకో రాయరు. నిలవ ఆహారాన్ని శక్తిగా మార్చుకోవడానికి మొలకకు ఆక్సిజన్ కావాలి. నీటి అడుగున మునిగిన గింజకు నీరు ఎక్కువై నష్టం జరిగిందని మనం అంటాం. నిజానికి నీరు మట్టిరేణువుల మధ్య ఖాళీలన్నీ నింపేసి ఆక్సిజన్‌ను చేరనివ్వకపోవడమే అసలు నష్టం. ఆక్సిజన్ నీటిలో కదిలే వేగం గాలిలో కదిలే వేగం కంటే వేల రెట్లు తక్కువ. గాజు గ్లాసులో ఒక పుల్లకు మూడు చిక్కుడు గింజలు కట్టి, ఒకటి నీటికి పైన, ఒకటి నీటి అంచున, ఒకటి అడుగున ఉంచే పాత ప్రయోగంలో మధ్య గింజే బాగా మొలవడానికి కారణం, నీరూ గాలీ రెండూ దానికే అందడం. వరి దీనికి కొంత మినహాయింపు. అది ఆక్సిజన్ దాదాపు లేని నీటిలో కూడా మొలక తొడుగును పొడవుగా సాగదీయగలదు. అయితే ఆ స్థితిలో వేరు, ఆకు పెరగవు. తొడుగు కొస గాలిని అందుకున్నాకే మిగతా మొక్క కదులుతుంది.

జాబితాలో కనిపించకుండా పోయిన ఉష్ణోగ్రతకు ప్రతి జాతిలోనూ మూడు మెట్లున్నాయి: మొలక మొదలయ్యే కనిష్ఠం, త్వరగా ఎక్కువగా మొలిచే అనుకూల స్థాయి, దాటితే ఆగిపోయే గరిష్ఠం. గోధుమ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా నెమ్మదిగా మొలవగలదు. 20 నుంచి 25 డిగ్రీలు దానికి అనుకూలం. వరికి కనీసం 10 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి, 30 డిగ్రీల దగ్గర హాయిగా మొలుస్తుంది. లెట్యూస్ అనే ఆకుకూర గింజలు అందుకు భిన్నంగా, చాలా రకాల్లో, 30 డిగ్రీలు దాటిన తడి నేలలో మొలవడం మానేస్తాయి. పత్తి, సోయా వంటి వాటికి మరో ఇబ్బంది ఉంది. అవి నీటిని పీల్చుకునే తొలి గంటల్లో ఆ నీరు మరీ చల్లగా ఉంటే కణపొరలు దెబ్బతింటాయి. తరవాత ఎంత వెచ్చబడినా ఆ నష్టం పూడదు. ఇక్కడ చెప్పుకునే ఉష్ణోగ్రత గింజ పడి ఉన్న లోతులోని మట్టిది. వాతావరణ వార్తల్లో చెప్పే గాలి ఉష్ణోగ్రతకూ దానికీ పొంతన ఉండకపోవచ్చు.

వెలుతురు దగ్గరికి వస్తే, అత్యధిక పంటల గింజలకు అది ఉన్నా లేకున్నా ఒకటే. మట్టిలో కప్పి విత్తుతున్నామంటేనే అవి చీకట్లో మొలుస్తున్నాయని అర్థం కదా! కానీ వెలుతురుతో పట్టింపు ఉన్న గింజలూ ఉన్నాయి. లెట్యూస్, పొగాకు గింజల్లో అనేక రకాలు వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. నల్లజీలకర్రకు దగ్గరి చుట్టమైన నైజెల్లా, వేరే కుటుంబానికి చెందిన ఫేసిలియా అనే పూలమొక్క వంటి కొన్నింటిని వెలుతురే ఆపుతుంది. ఈ విషయంలో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బార్త్‌విక్, హెండ్రిక్స్ బృందం 1952లో ప్రకటించిన ప్రయోగం చదివితే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. నానిన లెట్యూస్ గింజల మీద ఎర్రకాంతి పడితే అవి మొలిచాయి. వెంటనే, దానికన్నా తరంగదైర్ఘ్యం ఎక్కువైన సుదూర ఎర్రకాంతి పడితే ఆగిపోయాయి. రెండింటినీ ఎన్నిసార్లు మార్చి మార్చి ప్రసరింపజేసినా, చివరిసారి పడిన కాంతి ఏదైతే ఫలితం దాన్ని బట్టే వచ్చింది. ఇలా అటూ ఇటూ మారే వర్ణద్రవ్యానికి తరవాత ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. దీనివల్ల గింజకు ఏం లాభం అంటే, చిన్న గింజలో నిలవ తక్కువ. లోతు నుంచి మొలిస్తే వెలుగు చేరకముందే అది నిండుకుంటుంది. పైగా ఆకులు ఎర్రకాంతిని పీల్చుకుని సుదూర ఎర్రకాంతిని కిందికి వదులుతాయి కాబట్టి, దట్టమైన చెట్ల నీడలో పడ్డ చిన్న గింజకు పైన చోటు లేదన్న సంగతి కూడా కాంతిని బట్టే తెలుస్తుంది. నేలను దున్నినప్పుడు లోపలి కలుపు గింజలు క్షణకాలం వెలుగు చూసి గుంపులుగా మొలవడం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఈ లేఖకు ఆయువుపట్టు అనదగ్గ ప్రయోగం ఒకటుంది. బడిలో సులభంగా చేయించవచ్చు. ఒకే రకం గింజల్ని రెండు పళ్లేల్లో తడి ఇసుకలో విత్తి, ఒకదాన్ని వెలుతురులోనూ, మరొకదాన్ని వెలుతురు చొరని పెట్టెలోనూ ఉంచాలి. రెండింటి ఉష్ణోగ్రతా ఒకేలా ఉండేట్టు చూసుకోవాలి. మొలక శాతం రెండింటిలోనూ దాదాపు సమానంగా వస్తుంది. వారం పదిరోజుల తరవాత పెట్టె తెరిస్తే పిల్లలు ఆశ్చర్యపోతారు: చీకటిలోని మొలకలు వెలుతురులోని వాటి కంటే బాగా పొడవుగా ఉంటాయి. చీకటిలో మొక్క బాగా పెరుగుతుందని తరగతిలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అప్పుడు స్కేలు పక్కన పెట్టించి, రెండు పళ్లేల మొలకల్నీ విడివిడిగా వేళ్లతో సహా కడిగి, బాగా ఎండబెట్టి తూచమనాలి. చీకటిలో పొడవెక్కిన మొలకల ఎండు బరువు, విత్తిన గింజల ఎండు బరువు కంటే తక్కువగా తేలుతుంది. వెలుతురులోనివి మొదట్లో అలాగే తగ్గినా, ఆకులు విచ్చుకుని పనిలోకి దిగాక మళ్లీ బరువెక్కడం మొదలుపెడతాయి. పొడవు వేరు, పెరుగుదల వేరు అని బోధించడానికి ఇంతకు మించిన సాధనం నాకు తెలియదు. చీకటిలోని మొలక పసుపు తిరిగి, కాండం సన్నగా సాగి, ఆకులు విచ్చుకోకుండా, చిక్కుడు వంటి వాటిలో మెడ వంచుకుని ఉంటుంది. ఉన్న నిలవనంతా పొడవు మీదే ఖర్చుపెట్టి ఎలాగైనా వెలుగును అందుకోవాలన్న ప్రయత్నం అది. పూలు పూసే మొక్కల్లో పత్రహరితం తయారీకి కూడా వెలుతురు కావాలి. పైన్ జాతి చెట్ల మొలకలు చీకటిలోనూ పచ్చబడతాయన్నది వేరే సంగతి.

నిలవ అయిపోయాక మొక్క తన శరీరాన్ని దేనితో కట్టుకుంటుంది? వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు 200 పౌన్ల ఎండు మట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీరు మాత్రమే పోసి పెంచాడు. చెట్టు 169 పౌన్లు దాటింది. మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులే. ఆయన మరణించాక 1648లో అచ్చయిన ఈ ప్రయోగంలో, చెట్టు మొత్తం నీటి నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. మట్టి నుంచి రాలేదన్నంతవరకు అది సరైనదే. గాలి సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. ఎండిన మొక్క బరువులో కార్బన్, ఆక్సిజన్ చెరి దాదాపు 45 శాతం ఉంటాయి, హైడ్రోజన్ 6 శాతం ఉంటుంది. ఆ కార్బన్ అంతా గాలిలో 0.04 శాతం పైచిలుకు మాత్రమే ఉన్న కార్బన్ డయాక్సైడ్ నుంచి, ఎండ శక్తితో, ఆకుల పత్రరంధ్రాల గుండా వచ్చిందే. నీటి కొరత వచ్చినప్పుడు మొక్క తేమను కాపాడుకోవడానికి ఆ రంధ్రాలను మూసుకుంటుంది. దాంతో కార్బన్ రాక కూడా తగ్గుతుంది. అందుచేత దాహం వేసిన మొక్క వాడిపోయేలోపే పెరుగుదల కుంటుపడుతుంది.

నేల నుంచి వచ్చేది బరువులో కొద్దిపాటే అయినా, అది లేకుండా ఏదీ జరగదు. మొక్కకు తప్పనిసరిగా కావలసిన మూలకాలు 17 అని నేడు లెక్క. వీటిలో ఏది అవసరానికి అన్నిటికన్నా తక్కువగా ఉందో పెరుగుదల దాని దగ్గరే ఆగుతుందన్న సూత్రాన్ని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ స్ప్రెంగెల్ 1828లో చెప్పగా, రసాయన శాస్త్రవేత్త లీబిగ్ దాన్ని విస్తృతంగా ప్రచారం చేశాడు. జింకు చాలక ఆగిన మొక్కకు నత్రజని కుమ్మరించినా కదలదని దీని అర్థం. ఏది తక్కువైందో ఆకులే కొంతవరకు చెబుతాయి. నత్రజని మొక్కలో ఒకచోటి నుంచి మరోచోటికి కదలగలదు కాబట్టి, కొరత వస్తే ముదురు ఆకుల నుంచి లేత ఆకులకు తరలిపోతుంది. కింది ఆకులు ముందు పసుపుబారతాయి. ఇనుము అలా కదలదు. దాని కొరతలో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉంచుకుని మధ్యలో పాలిపోతాయి. అలా పాలిపోయిన ప్రతిచోటా నేలలో ఇనుము లేదని కూడా అనుకోకూడదు. నేల ఉదజని సూచిక (pH) 7.5 దాటితే ఉన్న ఇనుమే వేరుకు అందని రూపంలోకి మారుతుంది.

మొలకకూ మొక్కకూ కావలసినవి కలిపేస్తే ఎంత నష్టమో ఎరువు దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పెరిగే మొక్కకు మేలు చేసే రసాయన ఎరువునే గింజకు తగిలేట్టు వేస్తే, లవణాల గాఢత వల్ల గింజ చుట్టూ ఉన్న నీరు లోపలికి వెళ్లడం కష్టమవుతుంది. యూరియా అయితే విడిపోయేటప్పుడు వెలువడే అమ్మోనియా లేత వేరును మాడ్చేస్తుంది. 'సారం ఉంటేనే మొలుస్తుంది' అన్న నమ్మకంతో గింజతో పాటే గుప్పెడు ఎరువు వేసేవారు చేజేతులా మొలకను చంపుకుంటున్నట్టే.

పెరుగుదలకు సంబంధించి పగటి నిడివి ప్రభావాన్ని ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగుతాను. గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా మొక్కలతో చూపించినట్టు, అనేక జాతుల్లో ఎప్పుడు పూత పట్టాలో పగలూ రాత్రీ నిడివే నిర్ణయిస్తుంది. గింజకు ఈ లెక్కతో సాధారణంగా పని లేదు.

అన్నీ సమకూర్చినా మొలవని గింజల సంగతి చెప్పకపోతే ఈ లేఖ అసంపూర్ణమవుతుంది. వాటిలో ఎన్నో బతికే ఉంటాయి, సుప్తావస్థలో ఉంటాయి. కొన్నింటికి తోలు నీటిని లోపలికి రానివ్వదు. తుమ్మ జాతి గింజలు, తామర గింజలు ఇలాంటివి. తోలును ఒకచోట అరగదీస్తే చాలు, మొలుస్తాయి. చైనాలో ఒక ఎండిన సరస్సు అడుగున దొరికిన, సుమారు 1300 ఏళ్ల నాటి తామర గింజ ఇలాగే మొలిచింది. ఆపిల్ వంటి వాటికి తడిగా ఉన్నప్పుడు కొన్ని వారాల చలి తగలాలి. మరికొన్నింటికి పొగలోని రసాయనాలే సంకేతం. విలియం బీల్ అనే అధ్యాపకుడు 1879లో మిషిగన్‌లో 20కి పైగా జాతుల గింజల్ని తడి ఇసుకలో కలిపి 20 సీసాల్లో నింపి పాతిపెట్టాడు. విడతలు విడతలుగా ఒక్కో సీసా తీసి విత్తుతున్నారు. 2021లో తీసిన సీసాలో కూడా మొలిచిన గింజలున్నాయి. తరవాతి సీసా వంతు 2040లో. ఇందుకు పూర్తి విరుద్ధంగా మామిడి, పనస, కోకో, రబ్బరు గింజలు ఆరబెడితేనే చచ్చిపోతాయి. విత్తనాన్ని బాగా ఎండబెట్టి దాచాలన్న మంచి సలహా వాటి విషయంలో పనికిరాదు.

ఇక మొలక రాని మడి గురించి. విత్తనం చెడ్డదన్న నెపం వేయడానికి ముందు, మొలక రాని చోట మట్టిని మెల్లగా తవ్వి గింజల్ని బయటికి తీసి చూడాలి. గింజ గట్టిగా, ఉబ్బకుండా ఉంటే తేమ చాలలేదు, లేదా తోలు నీటిని రానివ్వలేదు. ఉబ్బి, మెత్తబడి, కుళ్లువాసన వేస్తే అది ముందే చచ్చి ఉండవచ్చు, లేదా నీరు నిలిచి ఆక్సిజన్ అందక చచ్చి ఉండవచ్చు, చల్లని తడి నేలలో శిలీంధ్రం పట్టి ఉండవచ్చు. మొలక వచ్చి మట్టిలోనే మెలికలు తిరిగి ఉంటే గింజది ఏ తప్పూ లేదు. మరీ లోతుగా పడింది, లేదా వాన వెలిశాక నేలపై గట్టిపొర కట్టింది. చిక్కుడు, పత్తి, ఆముదం వంటివి బీజదళాలను మోసుకుంటూ మెడతో మట్టిని తోసుకొస్తాయి కాబట్టి ఆ పొరకు మెడలు విరిగి ఆగిపోతాయి. మొక్కజొన్న కొస తొడుగు సూటిగా గుచ్చుకుని వస్తుంది కనుక కొంత మెరుగు. గింజ స్థానంలో ఖాళీ తోలు మాత్రమే దొరికితే పురుగులనో ఎలుకలనో అనుమానించాలి. గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు అన్నది సాధారణంగా పనికొచ్చే కొలత. వెలుతురు కోరే సన్నగింజల్ని పైపైన చల్లి నొక్కితే చాలు.

విత్తే ముందే పరీక్ష చేసుకుంటే ఈ తవ్వకాల అవసరం చాలావరకు తప్పుతుంది. విత్తన పరీక్షకు ప్రత్యేక కేంద్రం మొదట ఏర్పడింది 1869లో, జర్మనీలోని థారండ్ట్‌లో, ఫ్రీడ్రిష్ నోబె చేతుల మీదుగా. అంతర్జాతీయ విత్తన పరీక్ష సంఘం 1924లో ఏర్పడింది. ప్రయోగశాలల్లో మామూలుగా 400 గింజల్ని పరీక్షిస్తారు, వేరు బయటపడగానే లెక్కవేయరు. వేరు, కాండం సక్రమంగా ఏర్పడి మొక్కగా నిలిచేవాటినే లెక్కిస్తారు. ఇంత పెద్ద సంఖ్య ఎందుకో గణితం చెబుతుంది. నిజంగా 80 శాతం మొలిచే విత్తనంలోంచి పది గింజలే తీసి చూస్తే, పదిలో ఆరు లేక అంతకన్నా తక్కువ మొలిచే అవకాశం దాదాపు 12 శాతం. పదికి పదీ మొలిచే అవకాశం దాదాపు 11 శాతం. ఒకే విత్తనం ఒకరికి చెడ్డగానూ, ఒకరికి అద్భుతంగానూ కనిపించడానికి ఇది చాలు. వంద గింజలు తీసుకుంటే ఈ ఊగిసలాట బాగా తగ్గుతుంది. సంచి పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీసి కలిపి, మంచివి ఏరకుండా వంద లెక్కపెట్టి, తడి గుడ్డలో వరసగా పేర్చి చుట్టి, తేమ ఆరకుండా చూసుకోవాలి. అప్పుడు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. గుడ్డలో వచ్చిన శాతం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు వచ్చేది. ఒకే శాతం చూపిన రెండు విత్తనాల్లో పాతబడినది, చలీ గట్టినేలా ఎదురైతే ముందే చేతులెత్తేస్తుంది. మొలక ఎంత శాతమన్నదే కాక, ఎన్నో రోజున ఎన్ని మొలిచాయో రాసి ఉంచుకుంటే ఆ తేడా కొంత పట్టుబడుతుంది. ఆలస్యంగా, ఎడాపెడా మొలిచే విత్తనం సాధారణంగా సత్తువ తగ్గినదే.

మీ పత్రికకు నా విన్నపం రెండు విషయాలు. ఆ వ్యాసంలోని వాక్యాన్ని సరిదిద్ది, మొలకెత్తడానికి నీరు, ఆక్సిజన్, తగిన ఉష్ణోగ్రత అవసరమనీ, వెలుతురు కొన్ని గింజలకు మాత్రమే కావాలనీ, మొక్క పెరగడానికి వీటికి తోడు వెలుతురు, కార్బన్ డయాక్సైడ్, ఖనిజాలు అవసరమనీ విడివిడిగా ప్రచురించండి. ఇకమీదట అలాంటి ప్రయోగం వేసినప్పుడు నీళ్లు పోసిన గ్లాసు, పోయని గ్లాసు అన్న రెండింటితో సరిపెట్టకుండా, కాచి చల్లార్చి పైన నూనె పోసిన నీటిలో మునిగిన గింజలూ, తడిగానే ఉండి ఫ్రిజ్‌లో పెట్టిన గింజలూ, పెట్టెలో మూసిపెట్టిన గింజలూ చేర్చండి. ఫ్రిజ్‌లో వెలుతురు కూడా ఉండదు కాబట్టి, దాన్ని పోల్చవలసింది పెట్టెలోని గింజలతోనే గానీ కిటికీ దగ్గరి గ్లాసుతో కాదని పిల్లలకు ఒక వాక్యం అదనంగా రాస్తే, ఒకసారి ఒక్క అంశాన్నే మార్చి చూడాలన్న పద్ధతి కూడా వాళ్లకు అలవాటవుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు